పట్టి వదిలెయ్యడం

మస్కీ అని ఉత్తర అమెరికాలో ఒక మంచినీటి చేప ఉంది. పూర్తి పేరు మస్కెలంజ్. ఓజిబ్వే ఆదివాసుల భాషలో ‘మాష్కినోజే’ అనే మాట ఫ్రెంచివాళ్ల నోట్లోనూ ఇంగ్లీషువాళ్ల నోట్లోనూ నలిగి అలా తయారైంది. బాతుముక్కులాంటి పొడుగాటి మూతి, దాన్నిండా సూదుల్లాంటి పళ్లు, ఒంటిమీద నిలువు చారలు. నాలుగడుగులు దాటి పెరుగుతుంది, ఇరవై ముప్ఫై ఏళ్లు కూడా బతుకుతుంది. దీనికి ‘పదివేల విసుర్ల చేప’ అని పేరు. పదివేలసార్లు గేలం విసిరితే ఒకటి పడుతుందని.

ఇంత తిప్పలుపడి పట్టుకున్నవాళ్లు దాన్నేం చేస్తారయ్యా అంటే, కొలుస్తారు, ఫొటో తీసుకుంటారు, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. నేనుంటున్న మిన్నెసోటా రాష్ట్రంలో 54 అంగుళాలకి తక్కువున్న మస్కీని ఇంటికి తీసుకుపోవడం చట్టప్రకారం నేరం. అంతకన్నా పెద్దది దొరికినా తీసుకుపోయేవాళ్లు చాలా తక్కువ. ఎవరైనా వండుకు తిన్నానని చెప్తే, పెళ్లి పందిట్లో చెప్పులేసుకుని వడ్డనకొచ్చిన మనిషిని చూసినట్టు చూస్తారు.

మాది రాజోలు దగ్గర, గోదారి గట్టు కింద ఊరు. పుస్తెలమ్మైనా పులస తినాలనే నేల. అక్కడ చేపని పట్టేది తినడానికి, లేకపోతే అమ్మడానికి. మూడో కారణం ఒకటుంటుందని పెద్దయ్యేదాకా నాకు తెలీదు. పంటకాలవ గట్టుమీద వానపాము గుచ్చి గేలం వేసుక్కూచున్న పిల్లలం కూడా, పడినవి ఏ జెల్లపిల్లలైనా సరే, తాటాకు ఈనెకి గుచ్చి ఇంటికి పట్టుకెళ్లేవాళ్లం. పట్టి వదిలేశామని చెప్తే మా అమ్మమ్మ ఒకటే అడిగుండేది: “మరెందుకు పట్టావురా?”

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. చేపని పట్టి వదిలెయ్యడం దయా? పట్టి తినడం క్రూరత్వమా? ఈ రెంటిలో ఏది మెరుగో తేల్చుకోవడానికి నాకు రెండు పడవ ప్రయాణాలు పనికొచ్చాయి. ఒకటి మిన్నెసోటాలో, ఒకటి అంతర్వేది దగ్గర. ముందు చలిదేశం సంగతి చెప్తాను.

మిల్‌లాక్స్ అని మిన్నియాపొలిస్‌కి ఉత్తరాన ఒక పెద్ద సరస్సు ఉంది. లక్షా ముప్ఫై రెండు వేల ఎకరాలు. మన లెక్కలో 530 చదరపు కిలోమీటర్ల పైమాటే. కొల్లేరు అభయారణ్యం 308 అని గుర్తుచేసుకుంటే సైజు అందుతుంది. అంత వెడల్పున్నా లోతు మాత్రం ఎక్కడా 42 అడుగులు దాటదు. పళ్లెంలో పోసిన నీళ్లలాంటి సరస్సన్నమాట. పళ్లేన్ని ఊదితే ఏమవుతుందో గాలేస్తే అక్కడ అదే అవుతుంది. కెరటాలు పొట్టిగా, దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. సముద్రం అలకీ అలకీ మధ్య పడవకి ఊపిరి పీల్చుకునే టైమిస్తుంది. ఇక్కడ అదీ ఉండదు. అవతలి ఒడ్డు కనపడదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్లుగా మస్కీలు పడుతున్నవాడు, గడిచిన సెప్టెంబరు చివర్లో నన్ను తీసుకెళ్లాడు. పాతిక డాలర్లు పెట్టి లైసెన్సు తీసుకున్నాను. మస్కీ కోసం వెళ్లడం నాకదే మొదటిసారి.

మా కాలవ గేలానికీ దీనికీ పోలికే లేదు. కర్ర నా కంటే పొడుగు. ఎర మూరెడు ఉంది, దానికి మూడేసి కొక్కేలు. దారం చేప పళ్లకి తెగిపోకుండా చివర్లో ఉక్కు తీగ. విసరాలి, చుట్టాలి, మళ్లీ విసరాలి. ఎర పడవ దగ్గరికొచ్చాక వెంటనే పైకి తియ్యకుండా కర్రకొస నీళ్లలో ముంచి ఇంగ్లీషు ఎనిమిది ఆకారంలో తిప్పాలి. ఎందుకంటే ఈ చేప తరచుగా ఎర వెనకాలే పడవదాకా వచ్చి, అక్కడాగి ఆలోచిస్తుంది. గాలికి పడవ తూలుతుంటే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఆ ఎనిమిది తిప్పడం ఒక పెద్ద కసరత్తు. నాలుగు గంటలు విసిరాక నా ఎర వెనక ఒకటొచ్చింది. నీళ్లలో ఒక దుంగ కదిలొచ్చినట్టు, ఏ చప్పుడూ లేకుండా. కన్ను కనపడింది. ఒక చుట్టు నా ఎనిమిదితో పాటు తిరిగి కిందకి దిగిపోయింది. నా చేతులు ఆగకుండా వణికాయి. ఆ వణుకులో ఆకలి లేదు, కోపం లేదు. ఇంతమంది మనుషులు దీనికోసం చలిలో పడి ఎందుకు చస్తారో మాత్రం ఆ ఒక్క నిమిషంలో బాగా అర్థమైంది. దాన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు.

మధ్యాహ్నం మూడింటికి ఆయన గేలానికి పడింది. 46 అంగుళాలు. పెద్ద రబ్బరు వలలోకి తీసుకుని, వలని నీళ్లలోనే ఉంచాడు. ఒక కొక్కెం పెదవికి ఉంది, ఇంకోటి కంటి కిందనించి లోపలికి దిగింది. ఆయన ఇనపకడ్డీలు తెంపే కత్తెర తీసి కొక్కేన్నే రెండుగా కోశాడు. ఖరీదైన ఎర పాడైపోతుందని క్షణం కూడా చూడలేదు. కొలవడానికి పది సెకన్లు, ఫొటోకి అయిదారు సెకన్లు, అంతే గాలిలో ఉంచింది. తర్వాత తోక దగ్గర పట్టుకుని నీళ్లలో నిలబెట్టమని నాకిచ్చాడు. రెండు మూడు నిమిషాలు అలాగే పట్టుకున్నాను. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కంటికింద చిన్న నెత్తుటి చార నీళ్లలో సాగుతోంది. ఉన్నట్టుండి తోక బిగుసుకుంది, నా చెయ్యి విదిలించుకుని పోయింది. పెద్దాయన టోపీ తీసి దానికి థాంక్స్ చెప్పాడు. వెటకారంగా కాదు, మనస్ఫూర్తిగానే.

నిజానికి ఈ మర్యాద తరతరాలనాటిదేం కాదు. ఒకప్పుడు ఇక్కడా మస్కీని కొట్టి చంపి, దండేనికి వేలాడదీసి ఫొటో తీయించుకునేవాళ్లు. చేపలు తగ్గిపోతుంటే 1966లో మిన్నెసోటాలోనే మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంఘం మొదలైంది. పట్టినదాన్ని వదిలెయ్యడాన్ని ఒక పరువు విషయంగా మార్చింది వాళ్లే. చట్టం వెనకాల వచ్చింది, ఆచారం ముందొచ్చింది. ఫలితం కళ్లముందుంది. చేప ఉంది, చేప పెద్దదవుతోంది. మనుషులు ఒక అలవాటుని ఒక్క తరంలో ఇలా తిరగేసుకోవడం చిన్న విషయం కాదు.

అయితే ఇంకో పక్కన చూడండి. స్విట్జర్లాండులో 2008 నాటి జంతుసంరక్షణ నిబంధనల ప్రకారం, వదిలేద్దామనే ఉద్దేశంతో చేపని పట్టడం నిషేధం. జర్మనీలోనూ అంతే, తగిన కారణం లేకుండా జంతువుని బాధపెట్టకూడదని చట్టం, సరదా తగిన కారణం కిందకి రాదు. తినడానికైతే పట్టొచ్చు. అంటే మిన్నెసోటాలో నేను చూసిన మంచితనం జూరిక్‌లో నేరం. మా అమ్మమ్మ ప్రశ్నకి స్విస్ ప్రభుత్వం చట్టం రాసిందన్నమాట.

వాళ్ల వాదనకి ఆధారం నొప్పి. చేపకి నొప్పి తెలుస్తుందా అన్నది పాత రగడ. మనిషికి నొప్పి స్పృహనిచ్చే మెదడు భాగం చేపకి లేదు కాబట్టి తెలియదని 2002లో జేమ్స్ రోజ్ వాదించాడు. ఆ మరుసటేడే లిన్ స్నెడన్ బృందం రెయిన్‌బో ట్రౌట్ పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది. ఆ చేపలు మామూలు కంటే చాలాసేపు తిండి ముట్టలేదు. కొన్ని పెదవుల్ని తొట్టి అడుగున గులకరాళ్లకేసి రాసుకున్నాయి. అది నొప్పా, ఉత్త ప్రతిచర్యా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. గులకరాళ్లకి మూతి రాసుకునే ప్రాణికి నొప్పి లేదని నన్ను నేను నమ్మించుకోలేను. నా తూకం అటే.

నా వృత్తిలో మేం రోజూ నమ్మే ఒక మూఢనమ్మకం ఉంది. ప్రతి పనికీ ఒక రోల్‌బ్యాక్ ఉంటుందని. రాత్రి కొత్త కోడ్ ఎక్కించాం, ఏదో పగిలింది, పాతదానికి వెనక్కి తిప్పాం, ఏమీ జరగనట్టే. వదిలెయ్యడంలో ఉన్న హాయి కూడా ఈ జాతిదేనని నా అనుమానం. చేప ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే పోయింది, లెక్క సున్నా. కానీ కంటికింద చిల్లు సున్నా కాలేదు. మాకు మాత్రం ఒక ఫొటో మిగిలింది. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది: మిల్‌లాక్స్‌లో మస్కీలు చాలామటుకు ప్రభుత్వం పిల్లలుగా పెంచి వదిలితే నిలిచినవే. పట్టడానికే వదిలినవి, వదలడానికే పట్టినవి.

అదే సరస్సులో ఇంకో జనం ఇంకోలా చేపలు పడతారు. మస్కీ పేరు ఎవరి భాషో ఆ ఓజిబ్వేలు. 1837లో భూమి ఇచ్చేస్తూ రాసుకున్న ఒప్పందంలో వేటా చేపలూ తమ హక్కుగా ఉంచుకున్నారు. రాష్ట్రం ఆ సంగతి మర్చిపోయింది. కేసు అమెరికా సుప్రీంకోర్టుదాకా పోయి 1999లో అయిదుగురు జడ్జీలు అటు, నలుగురు ఇటుగా ఓజిబ్వేలే గెలిచారు. ఇప్పుడు వసంతంలో మంచు కరగ్గానే వాళ్లు వాలై అనే చేపకి వల వేస్తారు. గేలం వేసే తెల్లవాళ్లలో చాలామందికి ఇది గిట్టదు. వల అన్యాయం, గేలం న్యాయం అంటారు. గేలం అయితే చేపకి తప్పించుకునే అవకాశం ఇస్తుందట. అవతలివైపు, ఈ ఖండపు ఆదివాసుల్లో చాలామంది అనే మాట ఒకటుంది: తిండితో ఆడుకోకూడదని. ఈ గొడవ గురించి చదువుతుంటే నాకు మా రేవు గుర్తొచ్చింది. మా వైపు వలే న్యాయం.

2021లో ఇంటినించి పని చేసుకోవచ్చంటే వర్షాకాలమంతా ఊళ్లోనే ఉన్నాను. ఆగస్టులో గోదారి ఎర్రబడింది. ఎర్రనీరు తగలగానే సముద్రంలోని విలస వశిష్ఠలోకి, వైనతేయలోకి, గౌతమిలోకి ఎదురీదుతూ ఎక్కుతుంది, గుడ్లు పెట్టడానికి. ఎదురీదిన కొద్దీ ఉప్పు వదిలి కొవ్వు పట్టి పులస అవుతుంది. సముద్రంలో పడితే దానికి మామూలు రేటు. ఏట్లో పడితే వేలల్లోకి పోతుంది. యానాంలో ఒక్క చేప ఇరవై వేలు దాటి పలికిందని పేపర్లో ఫొటోతో సహా వేస్తారు. బేరం కుదరగానే పాడేవాడికంటే కొన్నవాడి మొహం ముందు పడుతుంది. అదీ ఒక రకం మస్కీ ఫొటోయే.

మా రేవులో పడవున్న పెద్దాయన ఒకాయన్ని బాబాయ్ అంటాను. అడిగితే తీసుకెళ్లాడు. అంతర్వేది వైపు, ఏరు సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఎగువన. అక్కడా గాలే. సముద్రపు గాలి ఎగువకి తోస్తుంది, వరద దిగువకి తోస్తుంది, మధ్యలో నీళ్లు కుతకుతలాడతాయి. పాయకి అడ్డంగా వల జారవిడిచి పడవని నీళ్లతో పాటు పోనిస్తారు. పదివేల విసుర్లు లేవు, ఎనిమిదులు తిప్పడం లేదు. కూచోవడం, చూడ్డం, బీడీ. రెండు గంటల తర్వాత వల లాగితే ఒకే ఒక్క పులస. తల కన్నులో దూరి మొప్పల దగ్గర బిగుసుకుంది. పడవలోకి వచ్చేటప్పటికే చచ్చిపోయింది. వెండిరేకులా మెరుస్తోంది, ప్రాణం లేదు.

“అప్పుడే పోయిందేంటి బాబాయ్?”

“దాని ఒళ్లే అంత బాబూ. చెయ్యి తగిలితే ఉండదండి. బతికున్న పులసని చేత్తో పట్టుకున్నోణ్ణి నేనింతవరకూ చూళ్లేదు.”

కింద ఇంకో రెండు చిన్నవి చిక్కుకున్నాయి, జానెడు కూడా లేవు. వదిలెయ్యొచ్చుగా అన్నాను. ఆయన ఒకదాన్ని తీసి నీళ్లలో పడేశాడు. అది వెల్లకిలా తేలి దిగువకి పోయింది. కాకి ఒకటి వెంటపడింది.

“అదుగో వదిలేశాను. ఏం లాభం చెప్పండి?”

ఆ మాట నాలో ఉండిపోయింది. మస్కీ గట్టి ప్రాణం, దాన్ని జాగ్రత్తగా పట్టుకుంటే చాలాసార్లు బతుకుతుంది. పులస వలలో పడ్డాక బతకదు. అంటే గోదారిలో పట్టి వదిలెయ్యడమనే పుణ్యకార్యానికి వీలే లేదు. పులసకి ఏ మేలైనా చెయ్యాలంటే వల నీళ్లలో పడకముందే చెయ్యాలి. వల కన్ను ఎంత ఉండాలి, ఏ నెలలో వెయ్యాలి, పాయలో ఎంత మేర వదిలిపెట్టాలి. ఇవి గట్టుమీద తేల్చుకోవలసినవి, నీళ్లలో కాదు. కన్ను పెద్దదైతే చిన్నచేప అందులోంచి దూరిపోతుంది. అది దూరిపోయినట్టు పడవలో ఉన్నవాడికి తెలియనుకూడా తెలియదు. టోపీ తీసి థాంక్స్ చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు, ఫొటో ఉండదు. నా మటుకు నాకు ఆ కనపడని చేపకి చేసిన మేలే ఎక్కువ తూగుతుంది. వదిలెయ్యడంలో నేను దయ చూపించానన్న సంగతి నాకు బాగా తెలుస్తుంది. ఆ తెలియడంలోనే సగం ఆనందం ఉంది. మిల్‌లాక్స్ పెద్దాయన్ని తప్పుపట్టడం లేదు. ఆయన కొక్కెం కోసిన తీరు నాకు గౌరవం కలిగించింది. కానీ ఆయన దయ మొదలయ్యేది కొక్కెం దిగిన తర్వాతే.

భాగవతంలో మత్స్యావతారం కథ మళ్లీ చూస్తే ఇంకో సంగతి తగిలింది. సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చేపపిల్ల వస్తుంది. రాజు మంచివాడు, వెంటనే ఏట్లో వదిలేస్తాడు. చేప ఒప్పుకోదు. ఇక్కడ పెద్దచేపలు నన్ను మింగేస్తాయి, వదలొద్దు అంటుంది. అప్పుడు కమండలం, తర్వాత బావి, తర్వాత చెరువు, చివరికి సముద్రం. పెరిగేకొద్దీ చోటు చూపించాల్సిన బాధ్యత రాజుది. చిన్నప్పుడు హరికథలో వింటే అదంతా విష్ణుమాయ. ఇప్పుడు వింటే, వదిలేసి చేతులు దులుపుకున్నవాణ్ణి చేప వెనక్కి పిలిచినట్టుంది. నన్ను వదిలావు సరే, ఏ నీళ్లలో వదిలావు?

పులస విషయంలో ఆ నీళ్ల లెక్క మనకి ఇబ్బందికరమైనది. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ వచ్చింది. ఎదురీదే చేపకి అది గోడ. ఆ గోడ పుణ్యాన్నే డెల్టాకి కాలవలొచ్చాయి, మేం మూడుపూటలా అన్నం తిన్నాం, కాటన్ దొర బొమ్మకి దండలు వేశాం, నేను ఇంజనీరింగ్ చదివాను. అన్నంలో కలుపుకునే పులుసుకి దారి మూసిందీ అదే. ఇందులో ఎవర్నని నిలదీస్తాం? దానికి తోడు, మనం ఎగబడి కొనేది గుడ్లు పెట్టడానికి పోతున్న తల్లిచేపని. దాని కడుపులో జన ఉంటే బేరం ఇంకా బిగుస్తుంది. సముద్రంలో ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం ఉంది, జాలర్లకి భృతి కూడా ఇస్తారు. పులస ఏరెక్కేది ఆ గడువు దాటాక. బంగ్లాదేశ్ వాళ్లు ఇదే చేపకి అక్టోబరులో గుడ్ల కాలంలో 22 రోజులు వేట ఆపేస్తారు. నవంబరు నించి జూన్ దాకా పాతిక సెంటీమీటర్ల లోపు పిల్లల్ని పట్టనివ్వరు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. చాలుతాయా అంటే చాలవనే జాలర్లు అంటారు. అయినా అక్కడ ఒక విషయం ఒప్పుకున్నారు: ఆగమని చెప్పేవాడు ఆగేవాడి అన్నం సంగతి కూడా చూడాలని.

మిన్నెసోటాలో వదిలేసేవాడికి ఆ సాయంత్రం ఇంట్లో భోజనం సిద్ధంగా ఉంటుంది. నాకూ ఉంది. మస్కీ జారిపోయాక మేం దార్లో ఆగి బర్గర్లు తిన్నాం. ఆ గొడ్డు ఎక్కడ పెరిగిందో, ఎలా పోయిందో ఇద్దరం అడగలేదు. నేను పులస తింటాను. ఈ పైవన్నీ రాసినా సరే, బెండకాయ వేసి మట్టిదాకలో కాచి, మర్నాడు తినే ఆ పులుసు నేను మానలేదు. తినడం తప్పని ఇందులో ఎక్కడా అనలేదు కూడా. కాకపోతే ఒక్క చేపకి వేలు పోసే మన చేతిలోంచి, ఆ చేప రేపుండడానికి ఒక్క రూపాయి కూడా పోవడం లేదు. ఆ భారమంతా వల వేసేవాడి కన్నుసైజు మీద పెట్టి కూచున్నాం.

ఆ రోజు రేవుకి తిరిగొస్తూ బాబాయ్‌ని అడిగాను, సన్నకన్ను వల వేస్తే ఇంకా పడతాయిగా, ఎందుకు వెయ్యవని.

“ఉందండి అదీ. మావాడు కొనుక్కొచ్చాడు. రెండేళ్లు వేశాం.”

“మరి?”

“దయా గియా కాదు బాబూ. చిన్నదానికి రేటు రాదు, ఏరిపారెయ్యలేక నడుం పోతంది. పైగా మరుసటేడు ఏట్లో ఏం కనపళ్లేదు. దీనివల్లేనని ఎవడు చెప్పగలడు? నాకు మాత్రం మనసొప్పలేదు. తీసి పక్కన పడేశాను.”

ఏం చేశారు దాన్ని అంటే పెరట్లోకి తీసుకెళ్లి చూపించాడు. బీరపాదు చుట్టూ నాలుగు సరుగుడు కర్రలు పాతి, కోళ్లు దూరకుండా ఆ వల కట్టారు. ఒక కోడిపిల్ల మాత్రం ఎలా దూరిందో లోపల ఉంది. వాళ్లావిడ దాన్ని బయటికి తోలడానికి చీపురు పట్టుకుని చుట్టూ తిరుగుతోంది.